మంచం తిరగని మెట్లు

వాస్తు అబద్ధమని నేను ఇప్పటికీ అంటాను. ఇది చదివి ముసలాడు మెత్తబడ్డాడని ఎవరూ సంబరపడవద్దు. దిక్కులకి కోపం రాదు, మూలలకి పగ ఉండదు. సిమెంటు, ఇసుక, ఇనుము, నీరు సరైన పాళ్లలో పడితే గోడ నిలబడుతుంది, లేకపోతే పడుతుంది. ఈ మాట బందరులో వేదికలెక్కి చెప్పాను, గుడివాడలో క్లాసుల్లో చెప్పాను, పెళ్లిభోజనాల్లో పక్కవాడి విస్తట్లో అన్నం చల్లారిపోయేదాకా చెప్పాను. అందులో ఒక్క అక్షరం వెనక్కి తీసుకోను.

ఇవాళ చెప్పబోయేది వేరు. రిటైరైన మాస్టర్లు తమ శిష్యుల గొప్పతనం చెబుతూ మధ్యలో తమ గొప్పతనం కలిపేయడం రివాజు. నాకూ అలాంటి కథలు నాలుగు ఉన్నాయి గాని, వాటితో మీకు పని లేదు. మీలో కొందరు రేపో మాపో పిల్లల థీసిస్‌ల మీద సంతకాలు పెట్టే కుర్చీలో కూర్చుంటారు. మీకు పనికొచ్చేది నేను చేసిన తప్పు. అది ఒక మనిషి చదువునీ, ఉద్యోగాన్నీ తీసేసింది.

నా ఆఖరి అయిదారేళ్ల కొలువు గుడివాడ దగ్గర ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో. కాపురం బందరులో. పొద్దున్నే బస్సెక్కి వెళ్లడం, సాయంత్రం బస్సులో కునికిపాట్లు పడుతూ రావడం. ఆ కాలేజీలో ఆర్కిటెక్చరల్ ఇంజనీరింగ్ అని ఎం.టెక్ కోర్సు పెట్టారు. చేరిన పిల్లలకి మొదటి రోజు ఇలా చెప్పేవాణ్ణి: "ఇంటికి బొమ్మ గీసేవాడికీ, దాన్ని నిలబెట్టేవాడికీ ఎప్పుడూ పడదు. వాళ్లిద్దరి మధ్యా రాయబారం నడిపే చదువు ఇది." పిల్లలు నవ్వేవాళ్లు. ఆ ఇంట్లో ఉండబోయే మనిషి సంగతి ఆ మాటలో ఎక్కడా లేదేమని ఒక్కరూ అడగలేదు. నాకూ తట్టలేదు.

ఒక ఏడాది చేరినవాళ్లలో ముప్పై దాటిన ఆవిడ ఒకతె ఉంది. బందరులోనే ఒక పాలిటెక్నిక్‌లో కాంట్రాక్టు లెక్చరర్. సొంతూరు దివిసీమలో, అవనిగడ్డ దాటి సముద్రం వైపు వెళ్తే వచ్చే పల్లె. ఆమె జీతం మీద ఇల్లు నడిచేది. రెండేళ్లలో, జూన్ నాటికి, ఎం.టెక్ పట్టా చూపిస్తేనే కొనసాగింపు, లేకపోతే లేదని పాలిటెక్నిక్ వాళ్లు తేల్చి చెప్పేశారు. అందుకని ఉన్న సెలవులన్నీ పెట్టి, శని ఆదివారాలు కలిపి చదివింది. ప్రైవేటు కాలేజీల్లో హాజరు సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. కానీ ఆమె మాత్రం పాఠం తప్పించుకోలేదు. సాయంత్రం బస్సులో నా వెనక సీట్లో కూర్చుని, ఆ రోజు నేను బోర్డు మీద వేసిన లెక్కలో తప్పు ఎక్కడుందో మొహమాటపడుతూ చెప్పేది. "సార్, బహుశా నాదే పొరపాటేమోనండీ" అని మొదలుపెట్టేది. ఎప్పుడూ ఆమె పొరపాటు అయ్యేది కాదు.

థీసిస్‌కి ఆమె తెచ్చిన అంశం వాళ్ల ఊరి తుపాను షెల్టరు. కింద ఒట్టి స్తంభాలు, పైన పెద్ద హాలు. మామూలు రోజుల్లో హాలులో బడి నడుస్తుంది. తుపాను హెచ్చరిక వస్తే ఊరంతా పైకెక్కి తలదాచుకోవాలి. కానీ జనం ఎక్కడం లేదు. మైకులో చెప్పినా, పోలీసులు వచ్చి చెప్పినా ఇళ్లల్లోనే కూర్చుంటున్నారు. ఉప్పెన సంగతి తాతల నోట విన్న ఊరు అది. అయినా ఎక్కరు. ఎందుకు?

"ఆ బిల్డింగుకి ఈశాన్యంలో మెట్లుండేవి సార్. సిద్ధాంతి చెప్పాడని అవి గోడ కట్టి మూసేసి, నైరుతిలో కొత్త మెట్లు కట్టారు" అంది ఆమె, బిల్డింగు వివరాలు చెబుతూ మాటవరసకి.

నేను కుర్చీలోంచి లేచాను. ఇంతకాలం వేదికల మీద నోటితో చెప్పినదానికి ఇటుకలతో కట్టిన సాక్ష్యం దొరికింది. ప్రాణాలు కాపాడే మెట్లకి మూఢనమ్మకం గోడ కట్టింది. థీసిస్ పేరు కూడా ఆ నిమిషమే నా నోట వచ్చేసింది. ఆమె కాగితం మీద రాసుకుని, "అలాగేనండీ" అంది. ఆ అలాగేనండీ ఎంత మెల్లగా అందో నాకు ఇప్పుడు వినపడుతోంది.

మా డిపార్టుమెంటు హెడ్డు నాకంటే చిన్నవాడు, కానీ నిదానస్తుడు. థీసిస్ పేరు చూసి టీ గ్లాసు పక్కన పెట్టాడు.

"మాస్టారూ, ఇది ఆవిడ థీసిసా, మీ ఉపన్యాసమా?"

"నిజం ఎవరిదైతే ఏంటండీ?"

"నిజం ఇంకా కొలవలేదు కదండీ. వెళ్లి చూడకుండా పేరు పెట్టేశారు. పిల్ల పుట్టకముందే బారసాలలా ఉంది."

నేను నవ్వేశాను. భయస్తుడు అనుకున్నాను.

ఒక ఆదివారం ఇద్దరం ఆ ఊరు వెళ్లాం. పులిగడ్డ దాటి అవనిగడ్డలో బస్సు దిగి, అక్కణ్ణుంచి ఆటో. షెల్టరు దగ్గర మమ్మల్ని ఇద్దరు కలిశారు. ఒకాయన మెట్లు మార్పించిన ఊరిపెద్ద. రెండో మనిషి ఆమెకి పెద్దమ్మ వరస అయ్యే ముసలావిడ, కూలిపనులు మానేసి గేదెని పెట్టుకుని బతుకుతోంది.

ఊరిపెద్ద చాలా మర్యాదస్తుడు. కొబ్బరిబొండాలు కొట్టించాడు. "ఈశాన్యంలో బరువు పనికిరాదు కదండీ. ఆ మెట్లున్నన్నాళ్లూ హెడ్మాస్టర్లు ఒక్కళ్లూ నిలవలేదు" అన్నాడు.

"మార్చాక నిలిచారా?"

"మార్చాక అసలు హెడ్మాస్టర్నే వెయ్యలేదండీ."

ఇక నన్ను పట్టుకోవడం ఎవరితరం? స్తంభాల నీడలో కుర్చీ వేసుకుని ఆయనతో వాదనకి దిగాను. ఎండ ఈ స్తంభం నుంచి ఆ స్తంభానికి మళ్లేదాకా వాదించాను. నా బుర్ర అంతే, ఎదురుగా ప్రతివాది ఉంటే తప్ప పనిచేయదు. నాతో ఏకీభవించేవాళ్లూ, అసలు వాదించనివాళ్లూ నాకు కనపడరు.

మధ్యలో ముసలావిడ ఒకసారి నా పక్కకి వచ్చి నిలబడింది.

"మెట్లు ఏ మూలుంటే ఏంటి బాబూ, తాళం అవనిగడ్డలో ఉంటే?"

"ఏం తాళం?"

"పైన గది తాళం. బళ్లో పంతులు గారి దగ్గరుంటది. ఆయన అవనిగడ్డలో ఉంటారు. గాలొచ్చే రోజున బస్సు రాదు, ఆయనా రారు. పోనీ పైకెక్కామే అనుకో, ఆడోళ్లం దొడ్డికెళ్లడానికి చోటేది? వానలో కిందకి దిగాలా? నా గేదెని ఈడ కట్టేసి నేను పైన కూచుంటే దాని మొహం ఎట్టా చూడను?"

"అది సరేనమ్మా" అన్నాను. అని మళ్లీ ఊరిపెద్ద వైపు తిరిగాను.

"ఈ సారుకి మూలలే గానీ మడుసులు అక్కర్లేదే" అని ఆవిడ నా శిష్యురాలితో అనడం వినపడింది. పక్కనున్న ఆడవాళ్లు నవ్వారు. శిష్యురాలు నవ్వలేదు. నోటుబుక్కు తీసుకుని వాళ్ల మధ్య కింద కూర్చుంది. మిగతా పూటంతా అక్కడే ఉంది. తరవాత టేపు పట్టుకుని కొత్త మెట్లు కొలిచింది. మూసేసిన పాత మెట్లనీ వెనకనుంచి ఎలాగో దూరి కొలిచింది. నేను మాత్రం వాదంలో గెలిచాను. తిరుగు ఆటోలో గొంతు బొంగురుపోయి, చాలా తృప్తిగా ఉన్నాను.

రెండు నెలలకి చిత్తుప్రతి తెచ్చింది. నాలుగో అధ్యాయం అంతా ఆ ఆడవాళ్ల మాటలే. తాళం, మరుగుదొడ్డి, గొడ్లు. ఆ తరవాత ఒక పేజీ నన్ను ఆపింది. అందులో ఆమె రాసింది ఇది: వెనకటి తుపానులో ముసలావిడ అత్తగారిని, లేవలేని మనిషిని, నులకమంచం మీద షెల్టరుకి మోసుకెళ్లారు. మెట్ల మలుపులో మంచం తిరగలేదు. నిలువుగా ఎత్తితే మనిషి జారిపోతోంది. ఎటూ తోచక కింద స్తంభాల మధ్య దింపారు. రాత్రంతా అక్కడే తడిసింది. మూడో రోజున పోయింది. ఆ తరవాతే ఊళ్లో ముసలివాళ్లున్న ఇళ్లు ఎక్కడం మానేశాయి. వాళ్లు ఎక్కకపోతే వాళ్ల పిల్లలు ఎక్కరు. పిల్లలు ఎక్కకపోతే ఊరు ఎక్కదు.

"మరి నైరుతి మెట్లే కదమ్మా మంచాన్ని ఆపినవి? వాస్తు కోసం కట్టినవి?" అన్నాను ఆశగా.

"కాదు సార్. అప్పటికి ఇంకా పాత మెట్లేనండీ. రెండూ కొలిచాను. మలుపు దగ్గర రెండింటి వెడల్పూ ఒకటే. కొత్తవాటిని పాతవాటి కొలతలు చూసే కట్టారు. పాతవి మన ఇంజనీర్లు గీసినవేనండీ."

నా కళ్ల ముందు ఆ కొలత మెదిలింది. ఒకప్పుడు మేమంతా అదే గీసేవాళ్లం. పుస్తకంలో ఉన్న కొలత. రెండు కాళ్ల మీద నడిచే మనిషికి సరిపోయే కొలత.

ఇక్కడ నేను ఆగి ఉండాల్సింది. ఎర్ర పెన్ను తీసి అధ్యాయం మొత్తానికి అడ్డంగా గీత పెట్టాను.

"ఇది ఇంజనీరింగ్ కాదమ్మా, ముచ్చట్లు. అసలు కారణం వాస్తు. దాని మీద నిలబడు."

"వాళ్లు వాస్తు అనట్లేదు సార్."

"వాళ్లకి తెలియదమ్మా. పైకి ఏవో చెబుతారు. లోపల ఉన్నది అదే."

చదివే మీకు అప్పుడే అర్థమై ఉంటుంది, నాకు అర్థం కావడానికి ఏళ్లు పట్టింది. సిద్ధాంతి అనేది కూడా సరిగ్గా ఇదే మాట. నీకు తెలియదు, లోపల దోషం ఉంది. టేపు పట్టి కొలిచినదాన్ని కొట్టిపారేసి, ముందే రాసిపెట్టుకున్న కారణాన్ని పట్టుకుని వేళ్లాడటానికి నేను జీవితమంతా మూఢత్వం అని పేరు పెట్టాను. ఆ రోజు నా గదిలో మూఢుడు ఎవరు?

ఆమె ఇంకోసారి అడగలేదు. ఆ కాగితాలు నా బల్ల మీద వదిలేసి వెళ్లింది. వారం తిరక్కుండా నాకు నచ్చినట్టు తిరగరాసి తెచ్చింది. ఈశాన్యపు మెట్లు తెరిస్తే జనం వస్తారన్నది ముగింపు. సంతకం పెట్టాను.

వైవా ఏప్రిల్‌లో. బయటి పరీక్షకుడు వేరే జిల్లా నుంచి వచ్చాడు. వేలికి పగడపు ఉంగరం ఉంది. దాన్ని చూడగానే నాకు శత్రువు దొరికాడు. హెడ్డుతో గుసగుసగా, "ఇవాళ వాస్తు మీద గొడవ తప్పదండీ" అన్నాను. ఆయన, "గొడవ మీరు పెట్టుకోకపోతే చాలు" అన్నాడు. వైవా రోజున పరీక్షకుడికి భోజనం, చేతికి ఏదో ఒక పొట్లం విద్యార్థే ఏర్పాటు చేయడం మా దగ్గర అలవాటు. మంచి అలవాటు కాదు. నేను దాని మీద కూడా ఒక వ్యాసం రాశాను, ఎవరూ మానలేదు. ఆమె బందరు తొక్కుడు లడ్డు తెచ్చి బల్ల చివర పెట్టింది.

పరీక్షకుడు మొత్తం ఓపికగా విన్నాడు. బొమ్మలు బాగున్నాయన్నాడు. తరవాత ఒక్కటే ప్రశ్న అడిగాడు.

"అమ్మా, ఈశాన్యం మెట్లు రేపు తెరిచారనుకోండి. తుపాను వస్తే మీ ఊరివాళ్లు ఎక్కుతారా?"

ఆమె నా వైపు చూసింది. తరవాత నేల వైపు.

"ఎక్కరండీ."

"మరి ముగింపులో ఎక్కుతారని రాశారు?"

ఆమె ముగింపు పేజీ తెరిచి, మళ్లీ మూసేసింది.

"ఊళ్లో అడిగారా, ఎందుకు ఎక్కరని?"

"అడిగానండీ."

"ఏదీ అది? ఇందులో లేదే?"

ఆమె మళ్లీ నా వైపు చూసింది. ఆ చూపులో ఫిర్యాదు లేదు. ఇప్పుడు మీరు చెబుతారు కదా అన్న నమ్మకం మాత్రమే ఉంది. నేను చెప్పాల్సింది ఒక్క వాక్యం. అది నేనే తీయించాను, నా బల్ల సొరుగులో ఉంది. అంతే.

నేను లేచి నిలబడ్డాను. లేచి వాస్తు మీద ఉపన్యాసం మొదలుపెట్టాను. ఎంతసేపు మాట్లాడానో తెలియదు. ఏసీ చప్పుడు కూడా నాకు చప్పట్లలా వినపడి ఉంటుంది. ఆపాక పరీక్షకుడు మెల్లగా అన్నాడు:

"నేను వాస్తు నమ్మనండీ. ఈ ఉంగరం మా అమ్మ పెట్టింది, ఆవిడ పోయాక తీయబుద్ధి కాలేదు. నేను అడిగింది మూలల గురించి కాదు, మనుషుల గురించి."

దివిసీమలో ముసలావిడ అన్న మాటే. ఆవిడ నవ్వుతూ అంది, ఈయన నవ్వకుండా అన్నాడు.

నిర్ణయం: థీసిస్ సవరించి మళ్లీ సమర్పించాలి. ఆరు నెలల తరవాత మళ్లీ వైవా. ఆరు నెలలంటే అక్టోబరు. ఆమె గడువు జూన్.

పరీక్షకుణ్ణి కారెక్కించి వచ్చాక హెడ్డు నా గదిలోకి వచ్చాడు. "ఆ అధ్యాయం సంగతి ఇప్పుడే ఆవిడని అడిగితే చెప్పింది. అది ఉందని మీరు ఒక్క మాట అని ఉంటే, చేర్చమని వారం గడువిచ్చి ఇవాళే పాస్ చేసేవాడండీ. ఊళ్లో అడిగినవి చూపిస్తే చాలని కారెక్కేముందు నాతో అన్నాడు కూడా. ఆవిడ మీరు చెబుతారని కూర్చుంది మాస్టారూ."

"తను అక్కడే ఎందుకు చెప్పలేదు?"

"మీ పరువు పోతుందని."

లడ్డు పొట్లం బల్ల చివరే ఉండిపోయింది. పరీక్షకుడు తీసుకోలేదు, మేమూ ముట్టుకోలేదు. మూడో రోజున అటెండరు చీమలు పట్టాయని పారేశాడు.

గడువు పెంచమని పాలిటెక్నిక్‌కి ఉత్తరం రాసిస్తానన్నాను. రాశాను కూడా. "నిజం రాశారా?" అని హెడ్డు అడిగాడు. అనివార్య కారణాల వల్ల ఆలస్యమైందని రాశాను. సభల్లో వందల మంది ముందు దేవుణ్ణి నిలదీసినవాణ్ణి, తెల్లకాగితం మీద 'నా తప్పు' అని రెండు మాటలు రాయలేకపోయాను. ఆ ఉత్తరానికి జవాబు రాలేదు. జూన్‌లో ఆమె స్థానంలో ఇంకొకర్ని తీసుకున్నారు. అక్టోబరు వైవాకి ఆమె ఫీజు కట్టలేదు, రాలేదు. ఫోను చేస్తే, "చూస్తాను సార్" అంది. ఆ తరవాతి ఏడాది నేను రిటైరయ్యాను. సన్మానంలో శాలువా కప్పి, రాజీ ఎరగని మనిషి అని పొగిడారు.

రెండేళ్ల తరవాత పీఎఫ్ డబ్బుల పని మీద గుడివాడ వెళ్తే, బస్టాండుకి దగ్గర్లో ఇళ్ల ప్లాన్లు గీసే ఒక ఆఫీసులో ఆమె కనపడింది. గాజు తలుపు మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంది: వాస్తు ప్రకారం ప్లాన్లు గీయబడును. నేను బయటే నిలబడిపోయాను. ఆమే లేచి వచ్చి తలుపు తీసింది.

"రండి సార్. ఎండలో నిలబడ్డారేంటండీ."

కుర్చీ వేసింది, మంచినీళ్లు ఇచ్చింది. కంప్యూటరు తెర మీద ఎవరిదో మేడ ప్లాను. ఈశాన్యం మూల ఖాళీగా వదిలి ఉంది.

"ఇదేంటమ్మా" అన్నాను. అనకుండా ఉండాల్సింది.

"వచ్చినవాళ్లు అడుగుతారు సార్, గీస్తున్నాను. ఈశాన్యం వదలమంటే వదులుతున్నాను. మెట్లు నైరుతిలో అంటే నైరుతిలోనే." తెర మీద మెట్ల మలుపు దగ్గర వేలు పెట్టింది. "ఇక్కడ మాత్రం వాళ్లు అడక్కుండానే కొంచెం ఎక్కువ వేస్తున్నాను. మంచం తిరగాలి కదండీ. ఎందుకింత చోటు అంటే, వాస్తు అని చెబుతున్నాను. ఇంక మాట్లాడరు."

సంచిలోంచి కాగితాలు తీశాను. ఆ నాలుగో అధ్యాయం. ఎప్పుడైనా కనపడితే ఇద్దామని గుడివాడ వచ్చినప్పుడల్లా వెంట తెచ్చుకునేవాణ్ణి. ఎర్ర గీత ఇంకా రంగు పోలేదు.

"మళ్లీ సమర్పించకూడదా? నేను వచ్చి చెబుతాను, నేనే తీయించానని."

"గడువైపోయింది సార్. మళ్లీ మొదట్నుంచి చేరాలంట." కాగితాలు చేతిలోకి తీసుకోకుండానే అంది: "మీ దగ్గరే ఉంచుకోండి. అందులో ఉన్నది నాకు గుర్తుంది కదండీ."

"మీ పెద్దమ్మ ఎలా ఉంది?"

"అలాగే ఉందండీ. మొన్న గాలివానకి కూడా ఎక్కలేదు."

సాయంత్రం బస్సులో బందరు వచ్చాను. నేనుండేది నా ఇంటి మేడ మీద. కింద భాగం అద్దెకిచ్చాం. ఆ ఇల్లు నేను గీసిందే. ఏ సిద్ధాంతినీ గడప తొక్కనివ్వకుండా, ముహూర్తం చూడకుండా కట్టానని ఎన్నో సభల్లో ఉదాహరణగా చెప్పిన ఇల్లు. బట్టలు కూడా మార్చుకోకుండా పాత టేపు తీసుకుని, మెట్ల మలుపు దగ్గర కూర్చుని కొలిచాను. తరవాత లోపలికి వెళ్లి నా మంచం కొలిచాను. మళ్లీ వచ్చి మలుపు కొలిచాను.

మా ఆవిడ గుమ్మంలోంచి, "ఏం కొలుస్తున్నారండీ?" అంది.

మంచం తిరగదు.